మొదటి పోటీ పిస్టల్: 9 ఎంఎం తీసుకోవాలా, 40 తీసుకోవాలా?

కొత్తగురి:
అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా క్లబ్ పిస్టల్‌తో ప్రాక్టికల్ షూటింగ్ (కదులుతూ, టైమర్ మీద టార్గెట్లు కొట్టే పోటీ) నేర్చుకుంటున్నాను. రెండు చిన్న మ్యాచ్‌లు కూడా ఆడాను. మొదటిదాంట్లో చివరి నుంచి మూడు, రెండోదాంట్లో చివరి నుంచి ఐదు (ఎదుగుదలే కదా). ఇప్పుడు సొంత పిస్టల్ తీసుకుందామని ఉంది, కాగితాల పని దాదాపు అయిపోయింది. మనసంతా 2011 తరహా డబుల్ స్టాక్ (మ్యాగజైన్‌లో తూటాలు రెండు వరసల్లో పట్టే పిస్టల్) మీదే ఉంది, అదీ 40 క్యాలిబర్‌లో. ఎందుకంటే వేగంగా కొట్టేవాళ్లందరి చేతుల్లో అదే చూశాను, పైగా మేజర్ స్కోరింగ్ (బలమైన తూటాకి ఇచ్చే ఎక్కువ పాయింట్లు, తక్కువ బలానిది మైనర్) వస్తుందంటున్నారు. ఇంకొందరేమో సీజెడ్ షాడో 2 తీసుకుని కళ్లు మూసుకో అంటున్నారు. వారానికి 150, మహా అయితే 200 తూటాలు కాల్చగలను, అంతకుమించి జేబు ఒప్పుకోదు. రీలోడింగ్ (ఖాళీ కేసుల్లో మందు, బుల్లెట్ పెట్టి తూటాలు సొంతంగా కట్టుకోవడం) ఇంకా మొదలుపెట్టలేదు. చేతులు కొంచెం చిన్నవి. ఏం చెయ్యమంటారు?

పాతతూటా:
తమ్ముడూ, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వ్యవహారం. ముందు ఏ డివిజన్‌లో (పిస్టల్ రకాన్ని బట్టి చేసిన పోటీ విభాగంలో) ఆడతావో చెప్పు. ఐపీఎస్‌సీలో (ఈ ఆట అంతర్జాతీయ సంస్థ) ఏ పిస్టల్ మంచిదనే మాట డివిజన్ తేలాకే. ప్రొడక్షన్‌లో ఎంత పెద్ద తూటా కాల్చినా మైనర్ స్కోరే ఇస్తారు, మ్యాగజైన్‌లో 15 దాటకూడదు, కాబట్టి అక్కడికి 40 తీసుకెళ్లడమంటే ఊరికే చేతికి దెబ్బలు తినిపించడం. స్టాండర్డ్‌లో మేజర్ కావాలంటే క్యాలిబర్ కనీసం 10 ఎంఎం ఉండాలి, అంటే ఆచరణలో 40. అక్కడ 9 ఎంఎంలో ఎంత మందు దట్టించినా మేజర్ ఇవ్వరు. పిస్టల్ మ్యాగజైన్‌తో సహా 225×150×45 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి కూడా. ఓపెన్‌లో రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైట్), కాంపెన్సేటర్ (మూతి పైకి లేవకుండా చూసే భాగం) అన్నీ పెట్టుకోవచ్చు, 9 ఎంఎంతో గానీ 38 సూపర్‌తో గానీ మేజర్ వస్తుంది. క్లాసిక్ అంటే 1911 అనే పాత పిస్టల్ ఆకారం, సింగిల్ స్టాక్ (తూటాలు ఒకే వరస), మేజర్‌కి 8 తూటాలు, మైనర్‌కి 10. రివాల్వర్ సంగతి వదిలెయ్, అది వేరే మతం.

వారానికి 200 అంటున్నావు, రీలోడింగ్ లేదంటున్నావు. నీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

డబుల్‌ట్యాప్:
నేను ఒప్పుకోను. మనసు 40 మీద ఉంటే 40 తీసుకోమనండి. రెండేళ్లు 9 ఎంఎం కాల్చి తర్వాత స్టాండర్డ్‌కి వస్తే అలవాట్లన్నీ మళ్లీ మొదటి నుంచి దిద్దుకోవాలి, 40 కాల్చినప్పుడు వెనక్కి కొట్టే ఆ తన్నుకి చెయ్యి మొదటి నుంచే అలవాటు పడితే మంచిది. 2011 ట్రిగ్గర్ ఒకసారి నొక్కి చూసినవాడు ఇంకోటి ముట్టుకోడు, అది నేరుగా వెనక్కి జరుగుతుంది, మిగతావాటిలా కీలు మీద తిరగదు. పైగా టార్గెట్ మధ్యలోని 'ఏ' జోన్ తప్పి పక్కన సి జోన్‌లో తగిలినా 4 పాయింట్లు. కొత్తవాడికి సీలే కదా ఎక్కువ పడేవి! మేజర్ వాడికే కదా లాభం?

లెక్కలమాస్టారు:
డబుల్‌ట్యాప్ గారు చెప్పిందాంట్లో నిజం ఉంది, కానీ ఎంత నిజమో లెక్క చూద్దాం.

పవర్ ఫ్యాక్టర్ అంటే బుల్లెట్ బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకి అడుగుల్లో, రెండూ గుణించి 1000తో భాగించడం. 124 గ్రెయిన్ల బుల్లెట్ 1010 అడుగుల వేగంతో వెళ్తే 125.2, మైనర్ గీత 125 దాటినట్టే. 180 గ్రెయిన్లు 950తో వెళ్తే 171, మేజర్ గీత 170 దాటినట్టే. మధ్యలోని 'ఏ' జోన్‌లో తగిలితే మేజర్, మైనర్ రెండింటికీ 5. సి అయితే మేజర్‌కి 4, మైనర్‌కి 3. డి అయితే 2, 1. మొత్తం పాయింట్లని సమయంతో భాగిస్తే హిట్ ఫ్యాక్టర్.

24 షాట్ల స్టేజ్ (మ్యాచ్‌లో ఒక అంకం) అనుకోండి. 16 ఏ, 8 సి పడ్డాయి. మైనర్‌కి 104, మేజర్‌కి 112. మైనర్ వాడు 15 సెకన్లలో ముగిస్తే హిట్ ఫ్యాక్టర్ 6.93. అదే హిట్ ఫ్యాక్టర్‌కి మేజర్ వాడికి 16.15 సెకన్ల దాకా వెసులుబాటు ఉంది, అంటే సెకను పైనే. అదే 20 ఏ, 4 సి పడితే ఆ వెసులుబాటు అర సెకనుకి పడిపోతుంది. కాబట్టి మేజర్ లాభం గురి తప్పేకొద్దీ పెరుగుతుంది, నిజమే. కానీ ఆ లాభం ఒకే డివిజన్‌లో మేజర్, మైనర్ కలిసి ఆడేచోటే. ప్రొడక్షన్‌లో అందరిదీ మైనరే, ఎవరికీ 4 రాదు, ఇక పోలిక ఎవరితో? తన్ను మాటకొస్తే 170 అనేది 125 కంటే 36 శాతం ఎక్కువ. ఆ 36 శాతం ప్రతి షాట్‌కీ మణికట్టు భరించాలి.

గురిగింజ:
మేజర్ గీత 165 కదా? వీడియోల్లో అందరూ అదే అంటారు, మీరు 170 అంటున్నారేంటి

లెక్కలమాస్టారు:
అది యూఎస్‌పీఎస్‌ఏ, అమెరికా వాళ్ల సంస్థ, వాళ్ల రూల్ బుక్ వేరు. ఐపీఎస్‌సీలో స్టాండర్డ్, క్లాసిక్‌లకి 170, ఓపెన్‌కి 160. మూల సంస్థ ఐపీఎస్‌సీయే, 1976లో మిస్సోరీలోని కొలంబియాలో మొదలైంది, జెఫ్ కూపర్ మొదటి అధ్యక్షుడు. తర్వాత దారులు కొంచెం వేరయ్యాయి. వీడియోలు చూసి పిస్టల్ కొనేవాళ్లు ఈ తేడా దగ్గరే బోర్లా పడతారు.

మందుగుండు_మామ:
170 మాట వచ్చింది కాబట్టి నా పరువు నేనే తీసుకుంటాను. స్టాండర్డ్, 40, 180 గ్రెయిన్లు. ఎండాకాలం మధ్యాహ్నం మా రేంజ్‌లో క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే సగటు 956, అంటే 172. అబ్బ, సరిగ్గా గీత పైన, తన్ను కూడా మెత్తగా ఉంది అని మురిసిపోయి ఆ సీజన్‌కి సరిపడా తూటాలు కట్టేశాను. మ్యాచ్ నాటికి చలి. పొద్దున్నే మొదటి స్క్వాడ్‌లో నన్నే క్రోనో దగ్గరికి పిలిచారు. ఎనిమిది తూటాలు తీసుకుంటారు, ఒక బుల్లెట్ పీకి తూస్తారు, మిగతావాటిలోంచి కాల్చి వేగం చూస్తారు. సగటు 938. గుణించుకోండి, 168.8. మ్యాచ్ మొత్తం మైనర్ స్కోరింగ్ రాసేశారు. 40 తన్నంతా నాది, మార్కులు మాత్రం 9 ఎంఎంవి. ఇంట్లో చెప్తే అర్థం చేసుకునేవాళ్లు కూడా లేరు.

మందు చలికి నెమ్మదిస్తుంది, కొన్ని రకాలు మరీను. అప్పటి నుంచి 174కి తక్కువ కట్టను. 125 కూడా అందకపోతే అసలు స్కోరే ఉండదు, ఊరికే కాల్చి వెళ్లిపోవడమే. ఫ్యాక్టరీ 9 ఎంఎం తూటాలు మామూలుగా ఈ గీతకి చాలా పైనే ఉంటాయి, 115 గ్రెయిన్లది 1180తో వెళ్తే 135 దాటుతుంది, కాబట్టి కొత్తగురికి ఆ టెన్షన్ లేదు. ఫ్యాక్టరీ 40 కూడా సాధారణంగా 170 దాటుతుంది, కానీ అవసరానికి మించి దాటుతుంది, ఆ అదనపు తన్ను ఊరికే మొయ్యాలి. అందుకే స్టాండర్డ్ మేజర్ అంటే రీలోడింగ్ ప్రెస్ కూడా కొన్నట్టే లెక్క.

సింహబలుడు:
ఇంతకీ 9 ఎంఎంకి ఆపే శక్తి తక్కువ అని అందరికీ తెలిసిందే. ఒక్క దెబ్బతో పడాలంటే 45 మాత్రమే.

పాతతూటా:
బాబూ, ఇక్కడ కొట్టేది అట్టముక్కని. అది మనమీదికి రాదు. ఇనుప పాపర్ (తగిలితే పడిపోయే టార్గెట్) ఉంది చూడు, దాన్ని కూడా మైనర్ తూటా తగిలితే పడేలాగే సర్దుతారు.

ఎడమచెయ్యి:
కొత్తగురి గారూ, నేను ఎడమచేతి వాటం, పైగా చేతులు చిన్నవి, గ్లౌజులు పిల్లల సైజు కొనుక్కుంటాను. మీ ప్రశ్నలో మీరు చివర ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిందే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది, అందరూ దాన్ని దాటేసి 170, 160 అంటూ పోయారు.

షాడో 2 లాంటి వాటిలో ప్రొడక్షన్ రూల్ ప్రకారం హ్యామర్ పూర్తిగా దించి మొదలుపెట్టాలి. అంటే మొదటి షాట్ డబుల్ యాక్షన్, ట్రిగ్గర్ ముందుకి ఉంటుంది, బరువుగా ఉంటుంది. రెండో షాట్ నుంచి ట్రిగ్గర్ వెనక్కి వచ్చి తేలికైపోతుంది. పెద్ద చేతులవాళ్లకి ఇది తెలియను కూడా తెలియదు. మనకి మొదటి షాట్‌కి వేలి కొన మాత్రమే అందుతుంది, కొనతో లాగితే పిస్టల్ పక్కకి తిరుగుతుంది. నాకు ఏడాది పాటు ప్రతి స్టేజ్‌లో మొదటి గుండు సి లేదా డి. మొదటి షాట్ కదా, కంగారు అనుకునేదాన్ని. కంగారు కాదు, వేలు అందకపోవడం.

అందుకని షాపులో పట్టుకుని చూసి కొనకండి. షాపులో అన్నీ బాగుంటాయి. ఎవరివైనా అడిగి తీసుకుని, రేంజ్‌లో, టైమర్ పెట్టి, హోల్‌స్టర్ లోంచి తీసి కొట్టండి. పది మీటర్ల దూరంలో, రెండు మూడు టార్గెట్లు, మధ్యలో ఒక రీలోడ్ (మ్యాగజైన్ మార్చడం). మ్యాగజైన్ బటన్ బొటనవేలికి అందుతుందా, పట్టు మార్చాల్సి వస్తోందా, స్లైడ్ మీ బలానికి సాఫీగా వెనక్కి వస్తోందా, ఇవన్నీ చూడండి. బల్ల మీద ఆనించి గ్రూపులు (గుండ్లు ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో) కొలవడం వల్ల ఈ ఆటలో పెద్దగా తెలిసేదేం లేదు, ఇందులో వాడే ఏ మంచి పిస్టలైనా మనకంటే బాగానే కొడుతుంది.

డబుల్‌ట్యాప్:
చేతులు చిన్నవైతే 2011 ఇంకా మంచిది కదా, ట్రిగ్గర్‌ని పొట్టిది, పొడుగుది మార్చుకోవచ్చు, గ్రిప్ కూడా మార్చుకోవచ్చు. స్టాండర్డ్‌లో అడిగేవాడు లేడు. ప్రొడక్షన్‌లో ముట్టుకుంటే రూల్ బుక్ తెరవాలి.

ఎడమచెయ్యి:
అది మాత్రం నిజం. ఒప్పుకుంటున్నాను.

బరువుబండి:
బరువు సంగతి ఎవరూ ఎత్తలేదేం. ఖాళీ మ్యాగజైన్‌తో షాడో 2 దగ్గర దగ్గర 1330 గ్రాములు. గ్లాక్ 17 అందులో దాదాపు సగం. బరువైన స్టీల్ ఫ్రేమ్ 9 ఎంఎం తన్నుని మింగేస్తుంది, ఒకే టార్గెట్ మీద రెండో షాట్ చాలా హాయిగా వస్తుంది. కానీ ఆ బరువుని ఒక టార్గెట్ నుంచి ఇంకో టార్గెట్‌కి తిప్పి సరిగ్గా మధ్యలో ఆపడం ఉంది చూశారా, అది వేరే కథ, ముంజేతులు గట్టివి కాకపోతే టార్గెట్ దాటిపోయి మళ్లీ వెనక్కి వస్తుంది. 32 షాట్ల లాంగ్ కోర్స్‌లో (పొడవైన స్టేజ్‌లో), 15 పరిమితితో ఎలాగూ రెండు రీలోడ్లు, పరుగులు. చివర్లో ఎవరి చెయ్యి ఎంత వణుకుతుందో చూడాలి.

నా పిస్టల్ బరువైనదే. పేరు చూస్తే తెలుస్తుంది.

గురిగింజ:
ఎరిక్ గ్రాఫెల్ ఏం వాడతాడు? అదే తీసుకుంటే పోలా

పాతతూటా:
1999లో ఫిలిప్పీన్స్‌లోని సెబూలో ఓపెన్ ప్రపంచ టైటిల్ కొట్టినవాడు, ఆ తర్వాత కూడా ఎన్నో కొట్టాడు. చాలా ఏళ్లు టాన్‌ఫోగ్లియో వాడాడు, తర్వాత సీజెడ్‌కి మారాడు. మారాక ఏమైనా తగ్గాడా? లేదు. అయినా ఆ రెండూ దాయాదులే, టాన్‌ఫోగ్లియో డిజైన్‌కి కూడా మూలం సీజెడ్ 75. అతని చేతికి ఏదిచ్చినా అతను గెలుస్తాడు, మన చేతికి అతని పిస్టలే ఇచ్చినా ఆడలేక మద్దెల ఓడంటాం.

గురిగింజ:
😀 సరే గానీ ఓపెన్ వాళ్లు 9 ఎంఎంతోనే మేజర్ చేస్తున్నారు కదా, 40 ఎందుకు వాడరు?

పాతతూటా:
మంచి ప్రశ్న వేశావు. కాంపెన్సేటర్ పనిచేసేది గ్యాస్‌తో. బుల్లెట్ వెనక వచ్చే గ్యాస్‌ని పైకి తిప్పి మూతిని కిందికి తొక్కుతుంది. చిన్న బుల్లెట్‌ని బాగా వేగంగా తోలాలంటే మందు ఎక్కువ కావాలి, మందు ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ, అంటే కాంపెన్సేటర్‌కి నిండా పని. 40లో బరువైన బుల్లెట్, తక్కువ మందు, కాంపెన్సేటర్ ఆకలితో ఉంటుంది. అదీగాక సన్న తూటాలు మ్యాగజైన్‌లో ఎక్కువ పడతాయి. 38 సూపర్ 1929 నాటి పాత తూటా, 1980లలో ఈ కిటుకు వల్లే మళ్లీ వెలుగులోకి వచ్చింది. కాకపోతే ఆ పీడనాలు ఆటలు కాదు, కొత్తగా రీలోడింగ్ మొదలుపెట్టినవాడు 9 మేజర్ జోలికి వెళ్లకూడదు. పక్క లేన్‌లో ఉండేవాళ్లని కూడా తలుచుకోవాలి.

కొత్తగురి:
ఆలస్యానికి క్షమించండి, రెండు ఆదివారాలు పట్టింది. ఎడమచెయ్యి గారు చెప్పినట్టే చేశాను. మూడు పిస్టళ్లు అడిగి తెచ్చుకున్నాను: 2011 రకం 40, గ్లాక్ 34, షాడో 2. ఒకే అమరిక, 24 షాట్లు, ఒక్కోదానితో నాలుగుసార్లు. మధ్యస్థంగా వచ్చిన రన్ రాస్తున్నాను.

40తో 15 ఏ, 8 సి, 1 డి, సమయం 13.9. మేజర్ లెక్కన 109 పాయింట్లు, హిట్ ఫ్యాక్టర్ 7.84.
గ్లాక్‌తో 17 ఏ, 7 సి, సమయం 13.6. పాయింట్లు 106, హిట్ ఫ్యాక్టర్ 7.79.
షాడోతో 20 ఏ, 4 సి, సమయం 14.3. పాయింట్లు 112, హిట్ ఫ్యాక్టర్ 7.83.

నాకు నవ్వొచ్చింది. ఇంత చర్చ చేసి చూస్తే మూడూ ఒకటే! షాడోతో పడ్డ నాలుగు సీలలో ఒకటి మొదటి షాటే, ప్రతి రన్‌లోనూ అంతే, సరిగ్గా మీరు చెప్పిన జబ్బు. 40తో చివరి రన్ వచ్చేసరికి నేను కళ్లు మూస్తున్నానని పక్కనున్న ఆయన చెప్పారు. నాకు తెలియనే లేదు.

అందుకే నిర్ణయం: 9 ఎంఎం, ప్రొడక్షన్. మోడల్ గ్లాక్ 34. మొదటి షాట్, పదో షాట్ ఒకే ట్రిగ్గర్, తేలిక, ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం ఎక్కువ. రేపు అడ్వాన్స్ ఇస్తున్నాను.

మందుగుండు_మామ:
ఆగు ఆగు ఆగు. అడ్వాన్స్ ఇవ్వకు!!

గ్లాక్ 34 బ్యారెల్ 135 మిల్లీమీటర్లు. ఐపీఎస్‌సీ ప్రొడక్షన్‌లో బ్యారెల్ 127 దాటకూడదు. దాన్ని ప్రొడక్షన్‌లో ఆడనివ్వరు. స్టాండర్డ్‌లో ఆడాలి, అక్కడ నువ్వు 9 ఎంఎం మైనర్, పక్కవాడు 40 మేజర్. యూఎస్‌పీఎస్‌ఏ ప్రొడక్షన్‌లో అయితే చెల్లుతుంది, అందుకే వీడియోల్లో ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంది. ప్రొడక్షన్‌కి ఆమోదించిన మోడళ్ల జాబితా ఐపీఎస్‌సీ పెడుతుంది. కొనేముందు నువ్వు కొనబోయే మోడల్ పేరు అందులో అక్షరం అక్షరం సరిచూసుకో. ట్రిగ్గర్ బరువుకి కూడా గీత ఉంది, మొదటి షాట్‌కి 2.27 కిలోలు, లేదంటే ప్రతి షాట్‌కీ 1.36 కిలోలు ఉండాలి. ఎవడో మెత్తగా చేయించి అమ్మేస్తున్న పిస్టల్ కొంటే అక్కడ కూడా దొరికిపోతావు.

కొత్తగురి:
అమ్మో. బతికించారు మామా. ఇంత చదివి అదెలా మిస్సయ్యాను నేను.

లెక్కలమాస్టారు:
165 దగ్గర గురిగింజ పడ్డ గుంటలోనే మీరూ పడ్డారు, అంతే. మీ అంకెలు బాగున్నాయి గానీ 40 ది వేరే డివిజన్, దాన్ని మిగతా రెండింటి పక్కన పెట్టి చూడకూడదు. ఆ రెండింటిలో షాడోవి 20 ఏలు. సమయం సాధనతో తగ్గుతుంది. మొదటి షాట్ కూడా సాధనతో దిద్దుకోవచ్చు, తూటా ఖర్చు లేకుండా, డ్రై ఫైర్‌లో (ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ నొక్కే సాధనలో). కాబట్టి నా ఓటు దానికే.

బరువుబండి:
నా ఓటు గ్లాక్ 17కి. బ్యారెల్ 114, ఏ గొడవా లేదు. నేను బరువైనది మోస్తున్నాను కాబట్టే చెప్తున్నాను.

డాట్‌బాబు:
నలభై దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ముందు సైట్ మీకు స్పష్టంగా కనిపిస్తోందా? నాకు కనిపించక ప్రొడక్షన్ ఆప్టిక్స్‌కి (రెడ్ డాట్ పెట్టుకోనిచ్చే డివిజన్‌కి) వెళ్లాను, అదీ మైనరే, 9 ఎంఎమ్మే. మొదటి రెండు నెలలు పిస్టల్ తీయగానే చుక్క ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సరిపోయింది. కొత్తగురి కళ్లు బాగుంటే ఇప్పుడే వద్దు, కానీ డాట్ బిగించుకోవడానికి వీలున్న స్లైడ్ తీసుకుంటే రేపు మళ్లీ కొనక్కర్లేదు.

ఎడమచెయ్యి:
షాడో వైపే మొగ్గు ఉంటే ఒక ప్రయోగం. డబుల్ యాక్షన్‌కి పిస్టల్‌ని చేతిలో వెంట్రుకవాసి లోపలికి తిప్పి పట్టుకోండి, ట్రిగ్గర్ మీదికి వేలి మొదటి కణుపు దగ్గర్లో వచ్చేలా. పిడి అరచేతి మధ్యకి కాకుండా బొటనవేలి మొదలు వైపుకి వస్తుంది, మొదట్లో తప్పుగా అనిపిస్తుంది. స్నాప్ క్యాప్ (సాధన కోసం వాడే ఉత్తుత్తి తూటా) పెట్టి, రెండోసారి మూడోసారి చాంబర్ ఖాళీయేనని చూసుకుని, గోడ వైపు రోజుకి యాభైసార్లు. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. రెండు వారాలకీ మొదటి షాట్ ఏలో పడకపోతే ఆ పిస్టల్ మీది కాదు, మొహమాటం లేకుండా వదిలెయ్యండి.

కొత్తగురి:
చేశాను. క్లబ్‌లో ఒకాయన తన షాడో 2ని మూడు వారాలు నన్ను వాడుకోనిచ్చారు, సాధన అంతా రేంజ్‌లోనే. మొదటి వారం ఏమీ తేడా రాలేదు. రెండో వారం మధ్యలో ఎందుకో కుదిరింది, నిన్న పదిసార్లు హోల్‌స్టర్ లోంచి తీసి కొడితే మొదటి షాట్ ఎనిమిదిసార్లు 'ఏ'లో పడింది. చివరికి ఆయనే అమ్మేస్తానన్నారు, ఆయన ఓపెన్‌కి వెళ్తున్నారట. ట్రిగ్గర్ తూకం వేయించాను, జాబితాలో పేరు చూసుకున్నాను (మూడుసార్లు). తీసేసుకున్నాను. 40 మీద మనసు ఇంకా పూర్తిగా పోలేదు, డబుల్‌ట్యాప్ అన్నా, రెండేళ్ల తర్వాత కలుద్దాం.

డబుల్‌ట్యాప్:
ప్రెస్ కొనడానికి ఇప్పటి నుంచే దాచిపెట్టు. ఖాళీ కేసులు నేనిస్తా.

పాతతూటా:
ట్రిగ్గర్ రిటర్న్ స్ప్రింగ్ ఒకటి, స్లైడ్ స్టాప్ ఒకటి, రీకాయిల్ స్ప్రింగ్ ఒకటి, బ్యాగ్‌లో ఎప్పుడూ విడిగా ఉంచుకో. నాది మ్యాచ్ మధ్యలో తెగింది, ఏ మోడలో చెప్పను, ఇక్కడ ఇంకో యాభై పోస్టుల గొడవ మొదలవుతుంది.

కొత్తగురి:
రాసుకున్నాను. చివరి ప్రశ్న: దీంతో మూడు మ్యాగజైన్లు వచ్చాయి. లాంగ్ కోర్స్‌కి మూడు చాలు కదా?

మందుగుండు_మామ:
లెక్క ప్రకారం చాలు. ఐదు కొను.

ఎడమచెయ్యి:
ఆరు. ఒకటి ఎప్పుడూ మట్టిలోనే ఉంటుంది.